సీసాలో ఊరిన పొగాకు

మహారాష్ట్రలోని మాహూర్ గుట్ట మీద రేణుకాదేవి గుడిలో ప్రసాదం తాంబూలం. ఆకు, వక్క, సుగంధ ద్రవ్యాలు దంచి, అమ్మవారికి నివేదించి, ఆ ముద్దనే భక్తులకు పంచుతారు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఏకవీరాదేవి క్షేత్రమని ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు ఆ ముద్దను కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు. గుట్ట దిగి ఊళ్లోకి వస్తే పాన్ టపరీల్లో సరుకు మారిపోతుంది. సున్నం డబ్బీ, తంబాకు, జర్దా పొట్లాలు కనిపిస్తాయి. బీడీకట్ట కూడా ఉంటుంది కానీ ఈ జిల్లాల్లో దాని స్థానం రెండోదే. 2016-17లో దేశమంతా జరిగిన పెద్దల పొగాకు వాడకం సర్వే ప్రకారం మహారాష్ట్రలో పొగ తాగేవాళ్లు 3.8 శాతం, నమిలేవాళ్లూ పళ్లకు రుద్దేవాళ్లూ కలిపి 24.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ పొగ 14.2 శాతం, నమలడం 7.1 శాతం. అంటే పొగాకు ఒంట్లోకి వెళ్లే దారి ఇక్కడ ఒక రకం, దక్షిణాన గోదావరి, కృష్ణ దాటాక ఇంకో రకం.

ఈ రెండు దారులకూ చెందని మూడో పద్ధతి ఒకటుంది. పొగాకును కాల్చరు, నమలరు. ఒక ద్రవంలో ఊరబెట్టి, ఆకు తీసేసి, మిగిలిన రసాన్ని బ్యాటరీ గొట్టంలో పోసి, ఆవిరిగా మార్చి పీలుస్తారు. విదేశాల్లో కొందరికి ఇది వ్యసనం కంటే ఎక్కువగా ఒక వ్యాపకం. పచ్చళ్లు పెట్టినట్టు జాడీల మీద తేదీలు రాసి, ఏ ఆకు ఎన్ని వారాలు ఊరితే ఎలాంటి వాసన వస్తుందో చర్చించుకుంటారు. మన దేశంలో దీన్ని తయారుచేయడం నేరం. ఆ సంగతికి తర్వాత వస్తాను. నేరమన్న ఒక్క మాటతో సరిపెడితే, ఆ సీసాలో అసలేముందో, ఎందుకు జాగ్రత్తపడాలో పాఠకుడికి తెలియకుండానే పోతుంది.

ముందు పరికరం సంగతి. ఇప్పటి ఈ-సిగరెట్టుకు రూపమిచ్చినవాడు చైనా ఫార్మసిస్టు హోన్ లిక్. 2003లో పేటెంటు దరఖాస్తు చేశాడు. అంతకు ముందే, 1963లో, హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ పొగలేని సిగరెట్టుకు పేటెంటు కోరాడు కానీ ఆ కాలానికి అది ఎవరికీ అక్కరలేకపోయింది. సూత్రం చిన్నది. సన్నటి తీగచుట్ట, దానికి ఆనుకుని దూది వత్తి, వత్తిలో ద్రవం. మీట నొక్కితే తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. సిగరెట్టు కొసన పీల్చేటప్పుడు వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఇక్కడ సాధారణంగా 200 నుంచి 250 డిగ్రీలు. మంట లేదు కనుక తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో, సిగరెట్టుతో పోలిస్తే దీని హాని 95 శాతం తక్కువని ఒక అంచనా ప్రకటించింది. ఆ అంకె మీద వివాదం ఇప్పటికీ ఆరలేదు. ఆ అంచనా వేసింది పొగతాగేవాళ్లు సిగరెట్టు వదిలి దీనికి మారడాన్ని దృష్టిలో పెట్టుకుని. ఏమీ తాగనివాడు కొత్తగా మొదలుపెట్టడానికి అది భరోసా కాదు.

బజారులో దొరికే మామూలు ద్రవంలో పొగాకు ఆకు ఉండదు. శుద్ధి చేసిన నికోటిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపిన రసాయనాలు, అంతే. పొగాకు రుచి అని రాసి ఉన్న సీసాలో కూడా అది ప్రయోగశాల రుచే. చాలామందికి అది కాలిన చక్కెరలా అనిపిస్తుంది. పైపు, చుట్ట అలవాటున్నవాళ్లకు అస్సలు నచ్చదు. అక్కడే ఊరబెట్టే వ్యాపకం పుట్టింది.

మనవైపు చుట్ట తాగిన తాతలుంటే ఈ అసంతృప్తి వాళ్లకు వెంటనే అర్థమయ్యేది. గోదావరి లంకల్లో ఒండ్రు మీద పెరిగి గాలికి ఎండిన లంక పొగాకు ఘాటుకూ, బ్యారన్‌లో పొయ్యి వేడికి పసుపు తిరిగిన వర్జీనియా తీపికీ పొంతన లేదు. లంకాకు పేరు ఏ ఎత్తుకు పోయిందంటే, 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో హంతకుడు లంక చుట్ట తాగేవాడని తెలిస్తే వెతకాల్సిన పరిధి తగ్గిపోతుందని ఆ డిటెక్టివ్ చెబుతాడు. ఆకు జాతి, నేల, ఎండబెట్టిన పద్ధతి రుచిని నిర్ణయిస్తాయన్నది నిజం. ఊరబెట్టేవాళ్లు ఆశపడేది ఆ తేడా కోసమే. ఇంతవరకూ వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఎండిన ఆకును గ్లైకాల్‌లోనో గ్లిజరిన్‌లోనో మునిగేట్టు ఉంచితే, చల్లగా వారాల తరబడిగానీ, వేడిగా కొన్ని గంటలపాటుగానీ, ఆకులో కరిగేవన్నీ ద్రవంలోకి దిగుతాయి. కొందరు ఆల్కహాలులో నానబెట్టి తర్వాత దాన్ని ఆవిరి చేస్తారు. చివర కాఫీ వడపోత కాగితాలు మొదలుకొని ఇంకా సన్నటి ఫిల్టర్ల దాకా వాడి తేర్చుతారు. వడపోత పట్టేది కంటికి కనిపించే నలకను. కరిగిపోయిన పదార్థాన్ని ఏ వడపోతా ఆపదు. సువాసనను మాత్రమే రమ్మని, మిగతావి ఆకులోనే ఉండమని గ్లైకాల్‌కు చెప్పలేం. నికోటిన్ వస్తుంది, చక్కెరలు వస్తాయి, రంగు వస్తుంది, కొంత మైనం, జిగురు వస్తాయి. ఆకు మీద కొట్టిన మందు మిగిలి ఉంటే అదీ వస్తుంది.

ఇందులో తెలుగు రైతుకు తెలియనిది నిజానికి ఏమీ లేదు. మాహూర్, కిన్వట్ నుంచి ఆదిలాబాద్ దాకా పరుచుకున్నది పత్తి నేల. పత్తికి పేనుబంక, పచ్చదోమ పడితే ఏం చేయాలో, పురుగుమందులు లేని సాగు గురించి చెప్పేవాళ్లు ఊరూరా ఒక పద్ధతి నేర్పారు. దాని పేరు పొగాకు కషాయం. కిలో పొగాకును పది లీటర్ల నీళ్లలో అరగంట మరిగించి, చల్లార్చి, వడగట్టి, సబ్బు పొడి కలిపి, వంద లీటర్లకు పెంచి ఎకరాకు పిచికారీ చేస్తారు. దాంతోపాటే రెండు హెచ్చరికలు కూడా చెబుతారు. ఒకే పైరు మీద పదేపదే కొట్టొద్దు, మిత్రపురుగులు కూడా చస్తాయి. కొట్టేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఆకులో నికోటిన్ 2 శాతమనుకుంటే కిలో ఆకులో 20 గ్రాములు. అదంతా పది లీటర్ల నీళ్లలోకి దిగిందనుకుంటే మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు. పొలం మీద కొట్టేసరికి అది పదో వంతుకు పలచబడి 0.2 మిల్లీగ్రాములవుతుంది. విదేశాల్లో ఈ-సిగరెట్టు ద్రవాలు సాధారణంగా మిల్లీలీటరుకు 3 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా అమ్ముతారు. ఐరోపా యూనియన్ నిబంధన 20 దాటనివ్వదు. పేనుబంక మీద పడే చుక్కకూ మనిషి పీల్చే ఆవిరికీ నేరుగా పోలిక కుదరదు, పురుగు చావడాన్ని బట్టి మనిషికి ప్రమాదాన్ని కొలవలేం. కానీ ముక్కుకు గుడ్డ కట్టుకుని చల్లే కషాయమూ, సీసాలో పోసి రుచి చూసే ద్రవమూ ఒకే ఆకు, ఒకే పని, ఒకే రసాయనం. మరిగించింది నీళ్లలోనా గ్లైకాల్‌లోనా అన్నదే తేడా. ఆ నికోటిన్‌ను పురుగుమందుగా గుర్తించి, నికోటిన్ సల్ఫేట్‌ను దేశంలో వాడకానికి నిషేధించి, ఎగుమతి కోసం తయారీకి మాత్రమే అనుమతించింది కేంద్రం.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ 2 శాతమనే ఊహ. ఆకులో ఎంత నికోటిన్ ఉందో చూస్తే తెలియదు. వర్జీనియాలో ఒకటి నుంచి మూడు శాతం మధ్య ఉండొచ్చు, ఘాటు నాటు రకాల్లో ఐదు దాటొచ్చు. ఒకే మొక్కలో కింది ఆకు కంటే పై ఆకులో ఎక్కువ. తల తుంచి పిలకలు గిల్లిన మొక్కలో ఇంకా ఎక్కువ. ప్రకాశం జిల్లా తేలిక నేలలోనూ, ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్టలోనూ ఒకే విత్తనం వేసినా ఆకు ఒకలా రాదు. రాజమండ్రిలో 1947లో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చేసిన పనుల్లో ఈ తేడాలను కొలవడం కూడా ఒకటి. పది గ్రాముల ఆకు వంద మిల్లీలీటర్లలో ఊరితే, ఆకును బట్టి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రామూ కావచ్చు, ఐదూ కావచ్చు. పైగా చాలామంది ఊరిన రసాన్ని వాసన కోసమే అనుకుని, కొన్న నికోటిన్‌ను విడిగా కలుపుతారు. ఆకులోంచి ముందే దిగిందాన్ని ఆ లెక్కలో కలపరు.

కంపెనీల సీసాల్లో కూడా ఈ తేడా ఉంటుంది. 2015లో గ్రీసు వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సాలినోస్ బృందం పొగాకు రుచి ద్రవాలు 21 పరీక్షించింది. అందులో 11 ఆకు ఊరబెట్టి తీసినవి. నికోటిన్ మోతాదు కొన్నిటిలో లేబులుతో సరిపోలేదు. పొగాకుకు ప్రత్యేకమైన నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు దొరికాయి కానీ సిగరెట్టుతో పోలిస్తే వాటి మోతాదు చాలా తక్కువ. ఆకు నుంచి తీసిన ద్రవాల్లో నైట్రేట్లు, ఫినాల్ మాత్రం మామూలు వాటికంటే ఎక్కువున్నాయి. భయపెట్టేవాళ్లకూ సమర్థించేవాళ్లకూ ఈ ఫలితం పూర్తిగా అనుకూలించదు. అయితే అక్కడ పరీక్షించింది తయారీదారులు అమ్మకానికి పెట్టిన సరుకును. ఇంట్లో, ఖైనీ పొట్లం చింపి ఊరబెట్టిన దానికి ఈ ఊరట వర్తించదు. నైట్రోసమైన్లు ఆకు ఎండేటప్పుడూ, మాగేటప్పుడూ పుడతాయి. మన నమిలే పొగాకు సరుకుల్లో అవి ఏ మోతాదులో ఉంటాయో బ్రాండు బ్రాండుకూ మారుతుంది.

ఖైనీ ప్రస్తావన వచ్చింది కాబట్టి సున్నం గురించి. మాహూర్ టపరీ ముందు అరచేతిలో తంబాకు పోసుకుని, చిటికెడు సున్నం రాసి, బొటనవేలితో నలిపేవాడికి రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం తెలుసు. ఆకులో నికోటిన్ ఆమ్లాలతో కలిసి లవణంగా బంధించి ఉంటుంది. సున్నం క్షారం కనుక ఆ బంధం తెంపుతుంది. విడుదలైన నికోటిన్ చెంప లోపలి పొరలోంచి చకచకా రక్తంలోకి పోతుంది. ఈ-సిగరెట్ల కంపెనీలు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పోయాయి. విడి నికోటిన్ గొంతులో గీరుతుందని, దాన్ని బెంజోయిక్ ఆమ్లంతో మళ్లీ లవణంగా మార్చి, ఎక్కువ మోతాదు కూడా మెత్తగా దిగేట్టు చేశాయి. అమెరికాలో 2015లో వచ్చిన జూల్ ఆ పద్ధతితోనే కుర్రాళ్లను పట్టేసింది. ఇంట్లో ఊరబెట్టిన రసంలో ఏ మేరకు లవణం ఉందో, ఏ మేరకు విడి నికోటిన్ ఉందో తెలియదు. సున్నం కలిపిన పొట్లాన్ని ఊరబెడితే లెక్క మరీ తలకిందులవుతుంది.

ఇక ఊపిరితిత్తుల మాట. నోరు తట్టుకునేదంతా ఊపిరితిత్తి తట్టుకోలేదు. వేరుశనగ నూనె తింటే బలం, ఆవిరిగా ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. 2019లో అమెరికాలో ఈ ఆవిరి పీల్చే (వేపింగ్) అలవాటున్నవాళ్లు వరసగా ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు నమోదయ్యాయి, 68 మంది చనిపోయారు. ప్రధాన దోషి విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థమని తేలింది, అది ఎక్కువగా గంజాయి ద్రవాల్లో చిక్కదనం కోసం కలిపింది. పొగాకు ఆకులో అది లేదు. అయినా ఆకు పైపొరల్లో మైనాలున్నాయి, ఆల్కహాలుతో తీసినప్పుడు అవి బాగానే దిగుతాయి.

చక్కెర సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. బ్యారన్‌లో వర్జీనియా ఆకును ముందు పండించి, పిండిపదార్థం చక్కెరగా మారాక వేడి పెంచి ఆరబెడతారు. అందుకే దాని రుచి తీపి. గాలికి ఎండే బర్లీలో చక్కెర దాదాపు ఉండదు, ఆరే క్రమంలోనే ఖర్చయిపోతుంది. తీపి ఆకును ఊరబెట్టిన రసం తీగచుట్ట మీద పడి మాడుతుంది. కొన్ని రోజుల్లో తీగకు నల్లటి పెంకు కడుతుంది. వ్యాపకం ఉన్నవాళ్లు దీన్ని వాళ్ల పరికరానికి వచ్చిన ఇబ్బందిగా మాట్లాడుకుంటారు, తీగ మార్చుకుంటారు. తీగ మీద మాడిన చక్కెర ఫర్‌ఫురాల్ వంటి పదార్థాలనిస్తుంది. వత్తి ఎండిపోయి తీగ మరీ వేడెక్కితే గ్లిజరిన్, గ్లైకాల్ కూడా విడిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్‌లనిస్తాయి. మంట లేదన్న సౌకర్యం కొంతవరకు అక్కడే కరిగిపోతుంది.

ద్రావకం మీద కూడా ఒక మాట. ప్రొపిలీన్ గ్లైకాల్ మందుల సిరప్‌లలో దశాబ్దాలుగా వాడుతున్నదే. కానీ దాని చవక నకిలీగా డైఇథిలీన్ గ్లైకాల్ చేరుతుంది. చూపుకు రెండూ ఒకటే, వాసన లేదు, తియ్యగా ఉంటాయి. 2022లో గాంబియాలో 60 మందికి పైగా పిల్లలు దగ్గు సిరప్‌లలో ఆ విషం వల్లే కిడ్నీలు పాడై చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా పిల్లలు అదే కారణంతో చనిపోయారు. వాళ్లలో చాలామందిని నాగపూర్ ఆసుపత్రులకు తెచ్చారు. మందుల కంపెనీ సీసాల్లోకే అది చొరబడినప్పుడు, ఏ దుకాణంలోనో డబ్బాలో తెచ్చుకున్న గ్లైకాల్‌కు పరీక్ష ఎవరు చేస్తారు?

చర్మం నుంచి కూడా నికోటిన్ దిగుతుంది. మంచుకు తడిసిన పచ్చాకు కోసే కూలీలకు తలతిప్పు, వాంతులు రావడం పొగాకు పండే దేశాలన్నిటా తెలిసిన జబ్బే. గట్టి నికోటిన్ ద్రవం చేతి మీద ఒలికితే జరిగేదీ అదే. ఇంట్లో చిన్నపిల్లలుంటే సమస్య రెట్టింపు. తీపి రంగు నీళ్లున్న చిన్న సీసాను పిల్లవాడు వదలడు. అమెరికాలో నికోటిన్ ద్రవాల సీసాలకు పిల్లలు తీయలేని మూత తప్పనిసరి చేస్తూ 2016 జనవరిలో చట్టం వచ్చింది. మన ఇళ్లలో అది పాత దగ్గుమందు సీసా అవుతుంది, అంతే.

ఇక చట్టం. ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో పార్లమెంటు చట్టం. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. నికోటిన్ ఉన్నా లేకున్నా ఒకటే. తాగినవాడికని విడిగా శిక్ష చెప్పే సెక్షన్ అందులో లేదు. చాలామందికి ఇంతవరకే తెలుసు, ధీమా కూడా ఇంతే. కానీ ఇంట్లో తయారుచేసుకునేవాడు తాగేవాడొక్కడే కాదు, తయారీదారు కూడా. పూర్తి వస్తువునే కాదు, దాని ఏ భాగాన్ని తయారుచేసినా నేరమని చట్టంలో ఉంది. అందులో పోసే ద్రవం భాగం కాదని కోర్టులో వాదించుకోవచ్చు, ఆ వాదన మీద ఆశ పెట్టుకోవడం మాత్రం తెలివైన పని కాదు. చేసింది స్నేహితుడికి ఒక సీసా ఇచ్చినా అది పంపిణీ.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. పైన చెప్పిన సర్వేలో దేశంలో ఈ-సిగరెట్టు వాడేవాళ్లు 0.02 శాతం, పొగాకు ఏదో ఒక రూపంలో వాడేవాళ్లు 28.6 శాతం. మొదటిదాన్ని పూర్తిగా నిషేధించాం. రెండోదాన్ని పన్ను వేసి అమ్ముకుంటున్నాం, గుంటూరులో దాని కోసం 1976 నుంచి ఒక బోర్డు నడుపుతున్నాం. 2012లో మహారాష్ట్ర గుట్కాను నిషేధించింది. పొగాకు, సుపారీ మసాలా వేర్వేరు పొట్లాల్లో అమ్మి కొనేవాడే కలుపుకునే పద్ధతి వెంటనే పుట్టింది. కిన్వట్, మాహూర్ అడవుల్లో తునికాకు సేకరణ మీద, తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతుల మీద ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. ప్రభుత్వానికి ఈ ఆకు మీద ఒక కన్ను ఆదాయంవైపు, ఒక కన్ను ఆసుపత్రివైపు. అంతమాత్రాన ఊరబెట్టిన సీసా మంచిదైపోదు. నిషేధం అన్యాయమనిపించినా ఆ సీసాలో మోతాదు తెలియదన్నది అలాగే ఉంటుంది.

మానాలనే ఆలోచనతో ఆవిరి దాకా వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు మోతాదు తెలిసిన నికోటిన్ మందుల దుకాణంలోనే దొరుకుతుంది. 2 మిల్లీగ్రాముల గమ్‌కు చీటీ అక్కర్లేదు, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయడానికి డబ్బు పడదు. గమ్‌ను చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ లాలాజలంతో పొట్టలోకి పోయి ఎక్కిళ్లు, మంట తప్ప లాభం ఉండదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ రెండు నములు నమలాలి. అరగంట అలా సాగుతుంది. కాఫీ, నిమ్మరసం లాంటి పులుపు తాగిన పావుగంట దాకా పెట్టుకోకూడదు, ఆమ్లం నికోటిన్‌ను బంధించేస్తుంది. ఖైనీ చెంపలో పెట్టుకునేవాళ్లకు ఆ చోటు ఎక్కడో ఎవరూ చూపించనక్కర్లేదు.